కవర్‌కేం కాలే

మా ఆయనకు ఒక ట్రాలీ బండి ఉంది. ఆ బండి వెనుక సామాను పెట్టే తొట్టి మీద పరిచి, చుట్టూ తాడుతో బిగించి కట్టే నల్ల రెగ్జిన్ కవర్ ఒకటి ఉండేది. బండి గురించి ఎవరైనా అడిగితే రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. కవర్ గురించి అడిగితే మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టి చాయ్ తెప్పించేవాడు. చాయ్ పెట్టేది నేను. అందుకని ఆ కవర్ చరిత్ర నాకు కంఠతా వచ్చు.

మాది వికారాబాద్. మా ఆయన బండి ఇక్కడినుంచి తాండూరుకు, తాండూరునుంచి ఇక్కడికి తిరుగుతుంది. పోయేటప్పుడు కూరగాయలో, కిరాణా సామానో, ఇల్లు మారేవాళ్ళ మంచాలూ బిందెలో. వచ్చేటప్పుడు కందులు, బండలు, కరణ్‌కోట సిమెంటు. అందరి బండ్ల మీద ఉన్నట్టే మా బండి మీద కూడా మొదట నీలం రంగు ప్లాస్టిక్ తాడిపత్రి ఉండేది. ఎండకు పెళుసై, గాలికి చిరిగి, ఒక వానకాలం దాటితే గొప్ప. చిరిగితే ఇంకొకటి కొనేవాడు. పాతదాని ముక్కలు కట్టెల మీద కప్పేదాన్ని. దానికోసం ఇంట్లో ఎవరూ నిద్ర మానుకోలేదు.

అట్లాంటి మనిషికి తాండూరులో సీటు కవర్లు కుట్టే దుకాణంవాడు ఎక్కించాడు. బస్సు సీట్లకు వాడే మందం రెగ్జిన్ ఉందని, పైన నున్నగా, లోపల గుడ్డ అతికించి ఉంటుందని, చుట్టూ ఇత్తడి రింగులు కొట్టి కుట్టిస్తే పది కాలాలపాటు ఉంటుందని చెప్పాడు. అమ్ముకునేవాడు ఇంకేం చెప్తాడు? మా ఆయన కుట్టించుకుని వచ్చాడు. ఆ రోజు దాన్ని ఇంటి ముందర పరిచి, చుట్టూ తిరిగి, చెప్పులు విప్పి మరీ దాని మీద నడిచి చూసుకున్నాడు. మా అత్తమ్మ బయటికి వచ్చి కాసేపు చూసింది. "నన్ను పెండ్లి చేసుకొచ్చిననాడు మీ నాయిన గూడ ఇట్ల చూడలే" అని లోపలికి పోయింది.

అత్తమ్మవాళ్ళు గొర్లు కాసిన కుటుంబం. ఆమె చిన్నప్పుడంతా గొంగడి కప్పుకుని వానలో మంద వెంట తిరిగిందట. వానను ఎట్లా తప్పించుకోవాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేదు. కానీ ఆమె మాట ఎవరు వింటారు? మా ఆయన వినేది ఫోన్ మాటే.

ఫోన్‌లో ఆయనకు ఒక వీడియో దొరికింది. అందులో ఒక తెల్లోడు తన బండి వెనుక కవర్‌ను కడుగుతున్నాడు. ఇంత పెద్ద బండి, అంత మెత్తటి బ్రష్షు, ఒక బకెట్లో సబ్బు నీళ్ళు, ఇంకో బకెట్లో మంచి నీళ్ళు. ముందు దుమ్ము దులపాలట, తర్వాత మెత్తగా రుద్దాలట, నీడలో ఆరనివ్వాలట, ఆఖరున ఏదో సీసాలోంచి మందు చిలకరించి గుడ్డతో పట్టించాలట. మా ఆయన ఆ వీడియోను రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ చూసేవాడు. నేనూ ఒకసారి చూశాను. ఆఖరున ఆ మనిషి కవర్ ఎత్తి చూపించాడు. కింద ఏమీ లేదు. ఉత్త తొట్టి. ఒక్క బస్తా లేదు, ఒక్క గంప లేదు. ఏమీ మోయని బండికి కవర్ కప్పుకుని, ఆ కవర్‌ను కడుక్కుంటూ కూర్చున్నాడు. పనీపాటా లేకపోతే మనిషి అట్లాగే తయారవుతాడు. దాన్ని చూసి నేర్చుకోవడానికి మా ఇంట్లో ఒక శిష్యుడు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. దుమ్ము దులిపాకే నీళ్ళు పోయాలన్న సంగతి నిజమే. మా ఆయన మొదట్లో కరణ్‌కోటనుంచి రాగానే కవర్ మీద నేరుగా పైపుతో నీళ్ళు కొట్టాడు. ఆ దారిలో బండ్ల మీద పడేది మామూలు దుమ్మా? సున్నపురాయి పొడి, సిమెంటు పొడి. నీళ్ళు తగలగానే గట్టిపడి కవర్ నిండా పొక్కులు కట్టింది. వాటిని గీకడానికి నా వంటింట్లోంచి అట్లకాడ పట్టుకుపోయాడు. ఆ రోజునుంచి ముందు చీపురుతో ఊడ్చి, పొడి గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే నీళ్ళు ముట్టించేవాడు. అంతవరకు చేసి ఊరుకుని ఉంటే నేనీ కథ చెప్పే పని ఉండేది కాదు.

ఊరుకోలేదు. తలకు పోసుకునే షాంపూ దానికి. పిల్లల పాత బనియన్లు దానికి. అది కడిగిన రోజు వాకిట్లో మేం బట్టలు ఆరేయకూడదు, బట్టల నీళ్ళు దాని మీద కారతాయి. ఎండలో పెడితే రంగు పోతుందని బండిని వేపచెట్టు కింద నిలబెట్టాడు. చెట్టు మీది కాకులు రెట్ట వేశాయని కవర్ మీద నా పాత చీరలు రెండు కలిపి కుట్టి కప్పాడు. సామాను తడవకుండా కవర్, కవర్ పాడవకుండా చీర. ఆ చీర పాడవకుండా ఏం కప్పుతావని అడిగితే, "నీకేం తెలుస్తదే, వస్తువు విలువ తెలిసినోళ్ళు మాట్లాడాలె" అన్నాడు.

ఆ విలువ ఎంతదాకా పోయిందో ధారూర్ దగ్గర ఒక రైతుకు తెలిసింది. ఆయన కందులు వేసుకుని మా బండి తాండూరు మార్కెట్‌కు పోతోంది. చలికాలంలో ఎప్పుడూ లేనిది మబ్బు పట్టి, చిన్న చిన్న వడగళ్ళు మొదలయ్యాయి. రాళ్ళు పడితే రెగ్జిన్ పగులుతుందని మా ఆయన బండి ఆపి, కవర్ విప్పి, మడిచి క్యాబిన్‌లో పెట్టుకున్నాడు. రైతు నోరు తెరుచుకుని చూశాడట.

"అన్నా, కవరుండేదే వానకు గద?" అన్నాడట.

"వానకే. రాళ్ళకు కాదు" అన్నాడట మా ఆయన.

రైతు తన పై కండువా, తువ్వాల, బండిలో ఉన్న ఖాళీ సంచులు అన్నీ కందుల మీద కప్పుకుని, తను తడుస్తూ వెనుక తొట్టిలో నిలబడే మార్కెట్‌దాకా పోయాడు. ఈ సంగతి మా ఆయనే ఇంటికొచ్చి గర్వంగా చెప్పాడు. ఎంత తెలివిగా కవర్‌ను కాపాడాడో మాకు తెలియాలని. అత్తమ్మ అన్నం తింటూ ఉన్నది. ముద్ద చేతిలో పట్టుకునే, "మేం గొంగడి కప్పుకుంటే గొంగడి మమ్ముల గాసేది. మేం గొంగడిని గాయలే కొడుకా" అంది. ఈయన నవ్వి లేచిపోయాడు. ఆ రైతు మళ్ళీ మా బండికి ఫోన్ చేయలేదు.

ఇదంతా ఇట్లా ఉండగా నా పని ఒకటి మొదలైంది. మా ఇంటి వెనుక గదిలో మేం నలుగురైదుగురు ఆడవాళ్ళం మిషన్లు పెట్టుకుని జాకెట్లు, లంగాలు, దిండు గలీబులు కుట్టేవాళ్ళం. ఒక వదిన భర్త పోయాక దీని మీదే బతుకుతోంది. ఒక చెల్లె పెళ్ళికి ముందు నేర్చుకున్న పనిని పెళ్ళయ్యాక అత్తగారితో కొట్లాడి మరీ చేస్తోంది. చిల్లర పనే తప్ప పెద్ద పని ఎప్పుడూ రాలేదు. ఆ ఏడాది ఎండాకాలంలో వచ్చింది. తాండూరు అవతల రాతి గనుల్లో పనిచేసే కూలీల పిల్లల కోసం ఒక బడి ఉంది. ఎవరో దాత ఆ పిల్లలందరికీ బట్టలు కుట్టిస్తానని బట్ట కొనిచ్చాడట. ఆ బడి పెద్దసారు మా దగ్గరికి వచ్చి, లేత నీలం చొక్కాలు, ముదురు నీలం లాగులు, గౌన్లు కుట్టమన్నాడు. బడి తెరిచేలోపల ఇవ్వాలి. "ఇవి మంచిగ కుడితిరంటే ఇంక మూడు నాలుగు బడులున్నయమ్మా, అన్నీ మీకే ఇప్పిస్త" అన్నాడు.

ఆ మాటతో మా గదికి ప్రాణం వచ్చింది. ఇంకో మిషను తీసుకుందామని, కరెంటు మోటారు పెట్టిద్దామని వదిన లెక్కలు మొదలుపెట్టింది. ఆ ఎండల్లో ఫ్యాను వేస్తే బట్ట ఎగురుతుందని ఫ్యాను ఆపుకుని కుట్టాం. కాలర్లు నేనే కుట్టాను, వేరేవాళ్ళకు ఇవ్వలేదు. కాలర్ వంకరపోతే చొక్కా మొత్తం వంకర మనిషిలా కనిపిస్తుంది. గుండీలు కుట్టేటప్పుడు చెల్లె ప్రతి గుండీకీ దారం రెండు చుట్లు ఎక్కువ వేసింది. "పిల్లలు గుంజుకుంటరక్కా" అంది.

మా గదిలో ఇట్లా నడుస్తుంటే వాకిట్లో మా ఆయన మిర్గం కోసం తయారవుతున్నాడు. మృగశిర కార్తె వస్తే ఇక్కడ అందరూ చేపలు వెతుక్కుంటారు, రైతులు విత్తనాలు వెతుక్కుంటారు. మా ఆయన కవర్‌కు మందు వెతుక్కున్నాడు. వీడియోలో ఆ తెల్లోడు ఆఖరున చిలకరించిన సీసా మందు ఏమిటో ఆయనకు తెలియదు. తెలియకపోతే ఊరుకోవచ్చు, అడగవచ్చు. పోయి పరిగి రోడ్డు మీది మెకానిక్‌ను అడిగాడు. ఆ మెకానిక్ దగ్గర లోకంలోని అన్ని రోగాలకూ ఒకటే మందు, కాలిన ఆయిల్. ఇంజన్‌లోంచి తీసిన నల్లటి పాత ఆయిల్ అది.

మా దిక్కు కాలిన ఆయిల్ మహిమ అంతా ఇంతా కాదు. తలుపు చెక్కకు చెదలు పడితే అదే పూస్తారు. బండి కింద తుప్పు పట్టకుండా అదే కొడతారు. ఎద్దుల బండి ఇరుసుకు అదే. కుక్కకు గజ్జి లేస్తే కుక్కకు కూడా అదే, పాపం ఆ కుక్క నాకుతూ తిరుగుతుంది. చెక్కకు పనికొచ్చింది, ఇనుముకు పనికొచ్చింది, కుక్కకు పనికొచ్చింది, కవర్‌కు ఎందుకు పనికిరాదు? ఇదీ ఆ ఇద్దరు మేధావుల తర్కం. రెగ్జిన్ చెక్క కాదు, ఇనుము కాదు, కనీసం కుక్క కూడా కాదు. కానీ ఇద్దరు మగవాళ్ళు ఒక మాట మీదికి వచ్చాక ఆ మాటకు తిరుగుండదు.

డబ్బా నిండా తెచ్చి, పాత లుంగీ గుడ్డతో కవర్‌కు పట్టించాడు. పైన పట్టించాడు, బాగా మెరిసింది. మెరుపు చూసి ఆగలేక లోపల గుడ్డ వైపు కూడా పట్టించాడు. "లోపల్నుంచి గూడ పట్టాలె, అప్పుడే చల్వ తగలదు" అన్నాడు. గుడ్డ పీల్చుకుంది. ఎంత పోస్తే అంత పీల్చుకుంది. రెండు రోజులు నీడలో పెట్టాడు, ముట్టుకుంటే చేతికి అంటకపోయేసరికి ఆరిందనుకున్నాడు. ఆయిల్ ఆరడమేమిటి? నూనె గిన్నె ఎండలో పెడితే ఆరుతుందా?

బడికి బట్టలు తీసుకుపోయే రోజు నేను బస్సులో పోతానన్నాను. మూటలు ఎక్కువే ఉన్నాయి, కానీ కండక్టర్‌ను బతిమాలితే ఎక్కించుకుంటాడు. మా ఆయనకు రోషం వచ్చింది. "ఇంట్ల బండి పెట్టుకొని బస్సుల మోస్తవా? నలుగురు చూస్తే ఏమంటరు? గా కవరుండంగ ఫికరేంది నీకు, ఒక్క సుక్క దిగదు లోపల్కి" అన్నాడు. వదిన కూడా బండే నయమంది. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాలు బస్సులో నలుగుతాయని ఆమె భయం. సరే అని పాత దుప్పట్లలో మూటలు కట్టి తొట్టిలో పేర్చాం. నేను క్యాబిన్‌లో కూర్చున్నాను.

అనంతగిరి మలుపులు దిగేదాకా ఎండ. ధారూర్ దాటేసరికి మబ్బు. ఆ తర్వాత మొదలైంది మిర్గం వాన. అద్దం మీద తుడిచేది తుడుస్తూనే ఉన్నా రోడ్డు కనబడలేదు. నేను వెనక్కి తిరిగి చిన్న కిటికీలోంచి చూశాను. కవర్ నడుమ నీళ్ళు నిలబడి, అది కుండలాగా కిందికి దిగి మూటల మీద కూర్చుంది. బండి ఆపి నీళ్ళు దింపమన్నాను. మా ఆయన ఆపాడు, దిగాడు, తడుస్తూ లోపలినుంచి చేతితో ఎత్తి నీళ్ళు కిందికి పారబోశాడు. ఇంకో రెండు సార్లు కూడా ఆపాడు. ప్రతిసారీ క్యాబిన్‌లోకి వచ్చి నవ్వుతూ, "సూసినవా, ఎట్ల జారుతున్నయో నీళ్ళు. తామరాకు ఉన్నట్టుంది" అన్నాడు. ఆయన చేతులు నల్లగా ఉన్నాయి.

బడి వరండా ముందు బండి ఆగేసరికి వాన తగ్గింది. నేను తలుపు తీసుకుని వెనక్కి పరుగెత్తాను. ఆయన తాడు విప్పి కవర్ ఎత్తాడు. పై వరుస మూటలన్నీ నల్లగా ఉన్నాయి. ఒక మూట విప్పాను. దుప్పటి దాటి, పై చొక్కా దాటి, కింద చొక్కాల దాకా ఆయిల్ ఇంకిపోయింది. నేను కుట్టిన కాలర్లు, చెల్లె రెండు చుట్లు ఎక్కువ వేసిన గుండీలు, అన్నీ నల్లటి మరకలు. ఇంకో మూట విప్పాను. అదీ అంతే. అడుగు వరుసలో మూటలు మాత్రం బాగున్నాయి. అంటే సగం పిల్లలకు ఉన్నాయి, సగం పిల్లలకు లేవు.

మా ఆయన ఏం చేస్తున్నాడని చూశాను. కవర్‌ను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి, కుట్లు, రింగులు, మడతలు అన్నీ చూశాడు. చూసి ఊపిరి వదిలాడు.

"కవర్‌కేం కాలే" అన్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి మీద నాకు కోపం వచ్చింది, విసుగు వచ్చింది, జాలి కూడా వచ్చింది. ఆ రోజు మాత్రం అసహ్యం వేసింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ ఊడిన నాలుక నాది, కొండ నాలుక మాత్రం నిగనిగలాడుతూ ఆయన చేతిలో ఉంది. మరక చొక్కాలు ఒక పక్కన, మంచివి ఒక పక్కన వరండాలో పెట్టడం మొదలుపెట్టాను. అప్పుడు కానీ ఆయనకు ఎక్కలేదు. కవర్ కింద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ముట్టుకోవద్దన్నాను. చేతులు వెనక్కి తీసుకున్నాడు.

పెద్దసారు బయటికి వచ్చాడు. నేను దాచలేదు. జరిగింది చెప్పి, సగం చొక్కాలు పాడయ్యాయని, వారం రోజులు గడువిస్తే బట్ట మేమే కొని మళ్ళీ కుట్టి ఇస్తామని చెప్పాను. ఆర్డరు పోయిందనే అనుకున్నాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన ఒక మరక చొక్కా తీసుకుని అటూ ఇటూ చూసి, మామూలుగా మడిచి పెట్టేశాడు.

"ఎందుకమ్మా గంత పరేషాను? సోమారం బడి తెరుస్తం. దాత సారు ఫొటోలకొస్తుండు. మంచియి తొడిగినోళ్ళను ముంగట నిలవెడ్త. మర్కలియి తొడిగినోళ్ళను ఎన్క నిలవెడ్త. ఫొటోల ఏం కనవడది" అన్నాడు.

"తర్వాత సారూ? రోజూ తొడుక్కోవాలె గద పిల్లలు."

"గనుల పనిచేసెటోళ్ళ పిల్లలమ్మా. రెండ్రోజులల్ల వాళ్ళే మర్కలు చేసుకుంటరు. నువ్వు జర ముందుగాల చేసినవ్, గంతే" అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇవి దించి పోతె మీ ఆర్డరుకేం కాదు. మిగిలిన బడులయి గూడ మీకే వస్తయి. వాపసు తీస్కపోయి సోమారం నన్ను నవ్వులపాలు చేసినవనుకో, ఇగ నేనేం చేయలేను" అన్నాడు.

మా ఆయన నా వైపు చూశాడు. ఆయన కళ్ళల్లో బతికిపోయామన్న మాట స్పష్టంగా కనిపించింది. నాకూ ఒక్క క్షణం అట్లాగే అనిపించింది. వదిన గుర్తొచ్చింది. ఆమె లెక్కలేసుకున్న మిషను గుర్తొచ్చింది. తల ఊపితే చాలు. దించేసి పోతే చాలు.

కానీ ఆ సారు నవ్వు నాకు పడలేదు. అంతదాకా లోకంలో నా మొగుణ్ణి మించిన మూర్ఖుడు లేడనుకున్నాను. ఈ సారును చూశాక తెలిసింది, మా ఆయన ఎంతో నయం. ఆయనకు వస్తువు మీద పిచ్చి, కళ్ళు మూసుకుపోయాయి. ఈయన కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఏ పిల్లలు ముందు నిలబడాలో, ఏ పిల్లలు వెనుక నిలబడాలో చక్కగా చూసి పెట్టుకున్నాడు. తెల్ల చొక్కా, జేబులో పెన్ను, నోట్లో చక్కెర. ఇట్లాంటివాళ్ళు బడి నడుపుతారు, మళ్ళీ నమస్తే పెట్టించుకుంటారు.

"గిసొంటియి మీ పిల్లలకు తొడిగి బడికి తోలుతరా సారూ?" అన్నాను.

సారు నవ్వు ఆగిపోయింది. "మాటలు మంచిగ రానియ్యి" అన్నాడు.

"మంచిగనే అంటున్న. మంచియి ఇప్పుడు దించుత. మర్కలియి దించ. కొత్తయి కుట్టి తెస్త. మీకు ఇష్టముంటె తీస్కోండ్రి, లేకుంటె పిల్లల ఇండ్లకు పోయి నేనే ఇచ్చుకుంట."

మరక చొక్కాలు మళ్ళీ మూట కట్టాను. మా ఆయన లేచి ఆ మూటలు బండిలో పెట్టాడు. కవర్ కప్పబోయి, చేయి ఆపి, దాన్ని చుట్టి తొట్టిలో ఒక మూలకు విసిరేశాడు. తిరిగి వచ్చే దారిలో సన్నగా వాన పడింది. ఆయన బండి ఆపలేదు, కప్పుదామా అని అడగలేదు. మూటలు తడిసినా ఇప్పుడు పోయేదేముంది?

ఇంట్లో మరకలు వదిలించడానికి చేయని పని లేదు. కుంకుడు రసం, బట్టల సోడా, నిమ్మకాయ, కిరసనాయిలు. మా ఆయన బావి దగ్గర కూర్చుని చేతులు పగిలేదాకా ఉతికాడు. కవర్‌ను రుద్దడానికి నేర్చుకున్న మెత్తటి చేయి, మెత్తటి బ్రష్షు, అన్నీ వాడాడు. నలుపు గోధుమరంగు అయింది తప్ప పోలేదు. నేను ఒక్క ఓదార్పు మాట చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు.

ఆడవాళ్ళకు సంగతి చెప్పాను. దించేసి వచ్చి ఉంటే ఆర్డర్లు ఉండేవని కూడా చెప్పాను. చెల్లె ఏడ్చింది. వదిన లేచి, మిషను మీది గుడ్డ తీసి, సూదిలో దారం ఎక్కించి, "బట్ట ఎప్పుడు తెస్తవ్?" అంది. అంతే అంది. బజారుకు పోయి అదే రంగు బట్ట వెతికి తెచ్చాను. దొరికింది కొంచెం ముదురు, కానీ మంచి బట్ట. మళ్ళీ కాలర్లు నేనే కుట్టాను.

కవర్ సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆ ఆయిల్‌కు రెగ్జిన్ కొన్నాళ్ళకే బిరుసెక్కి, మడత పెట్టిన ప్రతి చోటా పగిలింది. చెదలు మాత్రం పట్టలేదు. మెకానిక్ మందు అంత గొప్పది. మా ఆయన ఒక రోజు దాన్ని మడిచి గొడ్ల కొట్టం వెనుక పడేసి వచ్చి, బజారులో నీలం తాడిపత్రి కొనుక్కున్నాడు. ఆ వీడియో మళ్ళీ చూడగా నేను చూడలేదు.

బడి తెరిచిన కొన్ని రోజులకు కొత్త చొక్కాలు తీసుకుని పోయాం. వదిన కూడా వచ్చింది. ఫొటోలు అప్పటికే అయిపోయాయి. పెద్దసారు మా వైపు చూడలేదు. మిగతా బడుల కుట్టు పని తాండూరులో ఒక దుకాణానికి ఇచ్చేశానని, ఇంక మాతో పని లేదని గుమ్మంలోనే చెప్పి, లోపలికి పోయాడు. అనుకున్నదే. వదిన ముఖం వాడిపోయింది కానీ, చేతిలో మూట దించలేదు.

ఒక టీచరమ్మ పిల్లల్ని వరండాలో వరుసగా నిలబెట్టింది. చొక్కాలు రాని పిల్లలు వాళ్ళు. వెనుక నిలబెట్టాల్సినవాళ్ళన్నమాట. ఒక్కొక్కరికి కొలత చూసి ఇస్తూ వచ్చాను. ఒక ఆడపిల్ల, రెండో తరగతి ఉంటుందేమో, ఎవరివో పెద్ద చేతుల పాత చొక్కా మడిచి తొడుక్కుని ఉంది. నేనిచ్చిన చొక్కా తీసుకుని మడత విప్పింది. కాలరు చూసింది, చంకల దగ్గర కుట్లు చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మరక కోసం వెతుకుతోందేమో అనుకున్నాను.

"అక్కా, ఇది ఇంతకుముందుగాల ఎవలు తొడిగిన్రు?" అని అడిగింది.

పక్కన వదిన వంగి, ఆ పిల్ల చొక్కా మొదటి గుండీ పెడుతూ చెప్పింది.

"ఎవలు తొడగలే బిడ్డా. నీదే."